ఉగాండా శరణార్థుల మధ్య ఏడాది పరిచర్య: రిటైరైన దంపతులు ఏం తెలుసుకుని వెళ్లాలి?

తెనాలి_మాష్టారు

వందనాలండీ అందరికీ.

నాకు 64, మా ఆవిడకు 62. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పాను, తను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇద్దరం రిటైరయ్యాం. ఉగాండా ఉత్తరాన యుంబే జిల్లాలో ఉన్న బిడిబిడి సెటిల్‌మెంట్‌లో దక్షిణ సూడాన్ శరణార్థుల మధ్య పనిచేసే ఒక చర్చి సంస్థ మమ్మల్ని ఏడాదికి వాలంటీర్ మిషనరీ దంపతులుగా రమ్మంటోంది. జీతం ఉండదు. గది ఇస్తారు. తిండి, ప్రయాణాలు, టికెట్లు మావే.

నాకు బీపీ, తనకు షుగర్. రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటున్నారు, నిజమేనా? ఈ వయసులో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవచ్చా? ఫొటోలకు కాకుండా మాలాంటివాళ్లం అక్కడ నిజంగా చేయగల పని ఏముంటుంది? సువార్త చెప్పడానికి ఎంతవరకు వీలుంటుంది? మా సంఘంవాళ్లు పాత బట్టలు మూటలు కట్టి పంపుతామంటున్నారు, చందా కూడా పోగవుతోంది. వాటిని ఏం చేయమంటారు?

"ప్రార్థన చేసుకుని వెళ్లండి" అనేవాళ్లు చుట్టూ చాలామంది ఉన్నారు. ప్రార్థన చేస్తూనే ఉన్నాం. లెక్క చెప్పేవాళ్లు కావాలి.

కాగితాల_పులి

మాష్టారూ, ముందు వీసా సంగతి. టూరిస్టు వీసా మీద వెళ్లి పని మొదలుపెట్టడం వద్దే వద్దు. జీతం లేకపోయినా, చర్చి పనైనా, ఇమిగ్రేషన్ దృష్టిలో అది పనే. ఉగాండాలో మిషనరీలకు, వాలంటీర్లకు, స్వచ్ఛంద సంస్థల సిబ్బందికి వర్తించే వర్క్ పర్మిట్ తరగతి ఉంది. దానికి మీరు నేరుగా కాదు, మిమ్మల్ని పిలిచే సంస్థ అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. వాళ్ల రిజిస్ట్రేషన్ పత్రాలు, పిలుపు లేఖ, మీ సర్టిఫికెట్లు, మన దగ్గర తీసుకున్న పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. ఆ సర్టిఫికెట్‌ను పాస్‌పోర్ట్ సేవా ద్వారానే తీసుకోండి. ఊరి స్టేషన్లో రాయించుకున్న కాగితం పనికిరాదు.

దంపతులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఒకరికి వర్క్ పర్మిట్ తీసి, రెండోవారికి డిపెండెంట్ పాస్ తీస్తే చౌకని సంస్థలు అంటాయి. డిపెండెంట్ పాస్ మీద ఉన్నవారు పనిచేయకూడదు. అమ్మగారు కూడా పనిచేయడానికే వెళ్తున్నారు కాబట్టి ఇద్దరికీ విడివిడిగా పర్మిట్ తీయమనండి. కుదరదంటే ఆ సంస్థకు ఆవిడ పని మీద పెద్ద లెక్క లేదని అర్థం.

పర్మిట్ ఒక్కటే సరిపోదు. ఉగాండాలో శరణార్థుల వ్యవహారం ప్రధానమంత్రి కార్యాలయం చేతిలో ఉంటుంది, అక్కడ అందరూ దాన్ని "ఓపీఎం" అంటారు. సెటిల్‌మెంట్‌లో పనిచేయాలంటే వాళ్ల అనుమతి లేఖ ఉండాలి, దాన్ని సెటిల్‌మెంట్ కమాండెంట్‌కు, అంటే అక్కడి బాధ్యుడైన ఓపీఎం అధికారికి చూపించాలి. సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "బిడిబిడిలో పనిచేయడానికి మీకు ఓపీఎం అనుమతి ఉందా? ఏ జోన్‌కు? ఎప్పటివరకు?" అక్కడ అయిదు జోన్లున్నాయి. ఒక జోన్‌లో అనుమతి ఉన్నవాళ్లు ఇంకో జోన్‌లో కార్యక్రమం పెట్టేస్తే గొడవవుతుంది. ప్రతి పంపకం, ప్రతి శిక్షణ అక్కడి సమన్వయ సమావేశంలో ముందే చెప్పాలి. చిన్న చర్చి సంస్థలు చాలావాటికి ఈ అలవాటే ఉండదు. లేఖ స్కాన్ కాపీ పంపమంటే "మీరు రండి, చూసుకుందాం" అన్నారంటే టికెట్ కొనకండి.

పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే గడువు ఎప్పుడో చూసుకుని దానికి తగ్గట్టు ప్రయాణం పెట్టుకోండి. బ్యాంకుకు లింకైన సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ బయల్దేరకముందే ఆన్ చేయించండి. అక్కడికి వెళ్లాక ఓటీపీ రాలేదని ఇక్కడి అబ్బాయికి ఫోన్ చేస్తే వాడేం చేయలేడు.

పాత_వార్డు_సిస్టర్

టీకా విషయం నేను చెప్తాను. చివరి మాట మీ డాక్టరుదే, కానీ ఏం అడగాలో తెలిసి వెళ్తే మేలు.

ఉగాండా ఈ-వీసా దరఖాస్తులోనే ఎల్లో ఫీవర్ కార్డు అప్‌లోడ్ చేయమంటుంది. వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి మళ్లీ బూస్టర్ నియమం లేదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ఒరిజినల్ పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి. కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.

అసలు సంగతి, మీరిద్దరూ 60 దాటినవాళ్లు. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం అరుదే అయినా వయసులో ఉన్నవాళ్లకన్నా ఎక్కువ. వేయకూడదని కాదు, లాభనష్టాలు చూసి వేయాలని. గుడ్డు పడకపోవడం, థైమస్ గ్రంథి జబ్బు, స్టెరాయిడ్లు లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతూ ఉండటం, వీటిలో ఏదున్నా ముందే చెప్పాలి. బీపీ, షుగర్ వల్ల టీకా ఆగదు. వేయకూడదని డాక్టరు రాసిస్తే ఆ మినహాయింపు పత్రంతో ఉగాండా రానిచ్చినా, తిరిగి ఇండియాలో దిగినప్పుడు ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టవచ్చు. దానికి సిద్ధపడి వెళ్లండి. ఇంకా సూటిగా చెప్పాలంటే, టీకా పడని మనిషి ఎల్లో ఫీవర్ ఉన్న చోట ఏడాది ఉండటం సబబు కాదు.

మిగతా టీకాలు: హెపటైటిస్-ఏ, టైఫాయిడ్, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియాలకు), మెనింజైటిస్ ఏసీడబ్ల్యూవై. ఉత్తర ఉగాండా మెనింజైటిస్ బెల్ట్‌లోకి, అంటే ఆ జబ్బు తరచూ ప్రబలే ప్రాంతంలోకి వస్తుంది, ఆ టీకా వదలకండి. కుక్కలుంటాయి, రేబిస్ ముందస్తు డోసులు కూడా అడగండి.

మలేరియా మన ఊళ్లో వచ్చి పోయే చలిజ్వరం లాంటిది కాదు. యుంబే ఉన్న వెస్ట్ నైల్ ప్రాంతంలో ఎక్కువగా ఫాల్సిపేరమ్ రకం, మెదడుకెక్కేది. క్లోరోక్విన్ దానికి పనిచేయదు. నివారణకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజూ వాడతారు: వెళ్లే ముందు రోజో రెండు రోజులో మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు. చాలామంది ఇంటికొచ్చిన రోజే ఆపేస్తారు, జ్వరం అప్పుడే వస్తుంది. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేదంటే అన్నవాహికలో పుండు పడుతుంది. పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. దీంతో ఎండకు చర్మం త్వరగా కములుతుంది, అక్కడ ఎండ బాగానే ఉంటుంది. రెండో దారి మెఫ్లోక్విన్, వారానికొకటి, రెండు మూడు వారాల ముందే మొదలెట్టాలి. మూర్ఛ, డిప్రెషన్, గుండె లయ సమస్య ఉన్నవాళ్లకు అది వద్దు. మాష్టారు బీపీకి బీటా బ్లాకర్ వాడుతుంటే దాని సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

మాత్ర వాడుతున్నా, దోమతెర కట్టుకున్నా, జ్వరం వస్తే అదే రోజు ర్యాపిడ్ టెస్ట్. పాజిటివ్ వస్తే పెద్దవాళ్లకు ఆర్టిమెథర్-లూమిఫాంట్రిన్ మూడు రోజుల్లో ఆరు డోసులు, డోసుకు నాలుగు మాత్రలు, మొత్తం 24. రెండో డోసు మొదటిదానికి ఎనిమిది గంటలకే వేయాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. కాస్త కొవ్వున్న తిండితో వేసుకోవాలి, పల్లీల ముద్ద తిన్నా చాలు. ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఎక్కదు.

మీ మాత్రలు కనీసం మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లండి. చీటీ మీద బ్రాండు పేరు కాదు, జెనరిక్ పేరు రాయించుకోండి. మన దగ్గర దొరికే రెండు మందులు కలిపిన బీపీ మాత్రలు అదే కలయికలో అక్కడ దొరకవు. విడివిడిగా కొంటే డోసు తెలియాలి.

మరీ ముఖ్యంగా ఇన్సూరెన్స్. మన ట్రావెల్ పాలసీలు చాలావాటిలో ఒక ప్రయాణానికి 180 రోజులే, తర్వాత పొడిగించుకోవాలి. ముందున్న జబ్బులకు కవర్ ఎంతో, విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో పాలసీ కాగితంలో చదవండి, ఏజెంటు మాట వద్దు. ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అని నైరోబీ కేంద్రంగా ఎయిర్ అంబులెన్స్ ఉంది, సభ్యత్వం ఇస్తారు. మీ సంస్థకు అది ఉందేమో అడగండి.

బాలాపూర్_బస్సు

ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. ఇద్దరికీ టికెట్లు, పర్మిట్లు, టీకాలు, ఇన్సూరెన్స్, ఏడాది తిండి కలిపి ఎన్ని లక్షలు? ఆ డబ్బుతో అక్కడే ఉన్న శరణార్థి టీచర్లకు, నర్సులకు ఎన్ని నెలల జీతాలు వస్తాయి? పరాయి దేశం నుంచి వెళ్లి, భాష రాక, మొదటి మూడు నెలలు ఒకరి సాయంతోనే తిరిగే మనిషి వల్ల ఆ సంస్థకు ఒరిగేదెంత?

శరణార్థులకు సేవ చేయాలనుంటే హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలున్నారు, వేలల్లో. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. చాలామంది చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ కార్డొక్కటే. వాళ్ల పిల్లలకు బడిలో సీటు, గర్భిణులకు ఆసుపత్రి కార్డు ఇప్పించడానికి రోజూ తిరిగే మనిషి కావాలి. రిటైర్డ్ టీచరూ నర్సూ అక్కడికి ఆర్టీసీ బస్సులో వెళ్లి రావచ్చు.

ప్రకాశం_పాస్టరు

బస్సు గారి ప్రశ్నను తీసిపారేయకండి మాష్టారూ. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే ఆయనదే న్యాయం. వెళ్తే మీ నుంచి అక్కడ దొరకనిదేదో అందాలి. అదేమిటో తర్వాత వచ్చేవాళ్లు చెప్తారు. నేను సువార్త సంగతి వరకే.

మొదటిది, మీరు వెళ్లేది సువార్త చేరని చోటికి కాదు. దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులే: ఆంగ్లికన్లు, కాథలిక్కులు, ప్రెస్బిటేరియన్లు, పెంతెకోస్తువాళ్లు. సరిహద్దు దాటేటప్పుడు పాస్టర్లూ, వాక్యం నేర్పే కేటకిస్టులూ వాళ్లతోపాటే నడిచొచ్చారు. చెట్ల కిందా టార్పాలిన్ల కిందా సంఘాలు పెట్టుకుని వాళ్ల భాషలో ఆరాధన చేసుకుంటున్నారు. మనం వెళ్లి ఇంకో బోర్డు పెట్టి ఇంకో సంఘం కడితే, ఉన్న సంఘాన్ని చీల్చడమే. ఆదివారం వాళ్ల పాస్టరు గారి దగ్గర బెంచీ మీద కూర్చోండి. వాక్యం చెప్పమని ఆయన పిలిస్తే చెప్పండి, పది నిమిషాలు, అనువాదంతో ఇరవై అవుతుంది.

రెండోది, అసలు గీత. రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పది సూత్రాలున్నాయి. జాతి, మతం, దేశం చూడకుండా అవసరాన్నిబట్టే సాయం చేయాలనేది ఒకటి. సాయాన్ని ఏ రాజకీయ, మత దృక్పథాన్నీ ముందుకు తోయడానికి వాడకూడదనేది మరొకటి. చేతల్లో దీని అర్థం: సబ్బు పంచే చోట ప్రార్థన పెట్టకూడదు. పంపిణీ చీటీతో కరపత్రం జత చేయకూడదు. కుట్టు శిక్షణకు వచ్చేవాళ్లు బైబిల్ స్టడీకి రావాలనే షరతు, నోటితో చెప్పకపోయినా హాజరు పట్టీలో కనిపించినా సరే, కూడదు. ఆకలితో ఉన్న మనిషి చేయి ఎత్తమంటే ఎత్తుతాడు, దాన్ని రక్షణ లెక్కలో రాసి ఫొటోతో ఇండియాకు పంపే సంస్థలున్నాయి. అలాంటిదైతే ఆ నెలే తిరిగొచ్చేయండి.

మూడోది, యుంబే జిల్లాలో స్థానికులు ఎక్కువగా ముస్లింలు, ఆరింగా ప్రజలు. శరణార్థులకు నేలిచ్చింది వాళ్లు. వచ్చిన సాయంలో 30 శాతం స్థానికులకు చేరాలని అక్కడ అనుసరించే పద్ధతి. మీ కార్యక్రమంలో స్థానిక స్త్రీలు లేకపోతే ఆ చుట్టుపక్కల గుసగుసలు మొదలవుతాయి, న్యాయంగానే. మైకు పెట్టి కూడలి సభలు పెడితే మీరు ఏడాదికి వెళ్లిపోతారు, ఆ గొడవ శరణార్థుల నెత్తిన పడుతుంది.

పిల్లల విషయం కూడా. ఏ బిడ్డతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదు, ఇంటికి పిలవకూడదు, చాక్లెట్లు పంచకూడదు, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు. మీ సంస్థ ఇవన్నీ రాసి సంతకం పెట్టించుకుంటేనే నమ్మదగిన సంస్థ.

వెస్ట్‌నైల్_దారి

పని గురించి రాస్తాను. పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ చోటు గురించి. ఉగాండాలో శరణార్థులు 17 లక్షలకు పైనే, ఆఫ్రికాలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఎక్కువమంది దక్షిణ సూడాన్‌వాళ్లు, తర్వాత కాంగోవాళ్లు. బిడిబిడి 2016 ఆగస్టులో తెరిచారు, దక్షిణ సూడాన్ రాజధాని జుబాలో మళ్లీ యుద్ధం రేగాక. ఏడాది తిరక్కుండానే రెండున్నర లక్షలు దాటింది. కంచె వేసిన క్యాంపు కాదది. 2006 శరణార్థుల చట్టం ప్రకారం వాళ్లు పని చేసుకోవచ్చు, తిరగవచ్చు. ఇంటికి 30 బై 30 మీటర్ల లెక్కన నేల ఇచ్చారు. ఆ జాగాలోనే గుడిసె, మరుగుదొడ్డి, కాస్త పెరడు. చాలాచోట్ల రాతి నేల. దాని మీద ఏడాది తిండి పండదు. రేషన్ చూస్తే 2023లో కుటుంబాలను వర్గాలుగా విడదీసి తగ్గించారు, 2025లో నిధులు పడిపోయి చాలామందికి పూర్తిగా ఆపేశారు. మీరు ఏ పని పెట్టుకున్నా ఈ నేపథ్యం మరిచిపోతే తప్పుతుంది.

మాష్టారు లెక్కల టీచరు కాబట్టి నేను ముందు చెప్పేది పొదుపు సంఘాలు. అక్కడ "వీ ఎస్ ఎల్ ఏ" అంటారు. మన డ్వాక్రా చూసినవాళ్లకు సగం తెలిసినట్టే, తెలియని సగంలోనే తప్పులు జరుగుతాయి. డ్వాక్రాలో అందరూ నెలకు సమానంగా కడతారు, బ్యాంకు లింకేజీ కోసం ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇక్కడ బ్యాంకు లేదు. 15 నుంచి 25 మంది, వారానికోసారి కూర్చుని, ఒక్కొక్కరు ఒకటి నుంచి అయిదు వాటాల వరకు కొంటారు. తొమ్మిది నుంచి పన్నెండు నెలలకు మొత్తం పంచేసుకుని మళ్లీ సున్నా నుంచి మొదలెడతారు, అది ఒక చక్రం.

సమావేశం ఎలా జరుగుతుందంటే: చెట్టు కింద గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో రేకు పెట్టె, దానికి మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురు మామూలు సభ్యుల దగ్గర ఉంటాయి, కమిటీవాళ్ల దగ్గర కాదు. పెట్టె ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. తెరవగానే, పోయినవారం మిగిలిన మొత్తం ఎంతో కాగితం చూడకుండా సభ్యులే చెప్పాలి, అక్షరం రానివాళ్లయినా సరే. ఇద్దరు లెక్కించేవాళ్లు ఆ డబ్బును పళ్లెంలో పోసి అందరికీ వినబడేట్టు ఎంచుతారు. తర్వాత వరుస నంబరు పిలుస్తారు, మనిషి లేచి డబ్బు పళ్లెంలో వేస్తుంది, ఆమె పాస్‌బుక్‌లో వాటాకొక రబ్బరు ముద్ర కొడతారు. కొనని వాటాల గళ్లు అక్కడికక్కడే కొట్టేస్తారు, తర్వాత ఎవరూ ముద్ర దూర్చకుండా. కష్టాల నిధి వేరే సంచిలో వేస్తారు, దాన్ని వాటాల డబ్బుతో కలపకూడదు. అప్పు దాచుకున్నదానికి మూడు రెట్లు మించకూడదు, మూడు నెలల్లో తీర్చాలి. మొదటి నాలుగైదు వారాలు అప్పులివ్వనే వద్దు.

చెడేది ఎక్కడో చెప్తాను. అన్నిటికన్నా ముందు, బయటివాళ్లు పెట్టెలో డబ్బు వేయడం. "మా సంఘం కానుక" అని మీరు కొంత మొత్తం వేశారనుకోండి, ఆ రోజు నుంచి అది వాళ్ల డబ్బు కాదు, మీ డబ్బు. మీ డబ్బు తిరిగి కట్టాలని ఎవరికీ అనిపించదు, ఆరు నెలల్లో పెట్టె ఖాళీ. పెట్టె, తాళాలు, పాస్‌బుక్కులు, ముద్ర కొనివ్వండి, అంతకు మించి ఒక్క షిల్లింగు వద్దు. వాటా ధర ఎక్కువ పెట్టడం ఇంకో తప్పు. గుంపులో అందరికన్నా పేదామె వారం వారం ఒక్క వాటా కొనగలగాలి, ధర అక్కడ ఆగాలి. రేషన్ పడిన వారం చేతిలో డబ్బు ఆడుతుంది, ఆ వారం చూసి ధర నిర్ణయిస్తే తర్వాతి వారాలు సగంమంది రారు. ఇంకొకటి, సభ్యులు సాగు కోసమో బంధువుల కోసమో సరిహద్దు దాటి దక్షిణ సూడాన్ వెళ్లి వస్తుంటారు. అప్పు తీసుకున్న మనిషి వెళ్లి రాకపోతే? చక్రం మధ్యలో వెళ్లేవాళ్ల వాటా ఎలా తేల్చాలో, జామీను ఎవరో మొదటి రోజే నియమాల్లో రాయించండి. చక్రం ముగింపు బడి ఫీజుల వేళకు పడేట్టు వేయండి. ఉగాండాలో బడి సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది, కాబట్టి జనవరి చివర పంచుకునేట్టు లెక్కేసుకుంటే ఆ డబ్బు సారాకూ చీరకూ పోదు, పుస్తకాలకు పోతుంది.

మాష్టారు చేయాల్సింది సంఘాలు నడపడం కాదు. అక్కడే ఉండే శరణార్థుల్లోంచి నలుగురైదుగురికి పద్దు రాయడం, పంపకం లెక్క వేయడం నేర్పడం. పంపకం రోజు ఒక వాటా విలువ కట్టే భాగహారం దగ్గరే అన్నిచోట్లా తగవులు వస్తాయి: పెట్టెలోని మొత్తాన్ని మొత్తం ముద్రలతో భాగించి, వచ్చినదాన్ని పైసల్లేకుండా కిందికి సవరించి, మిగిలిన చిల్లర కష్టాల నిధికి. ఈ మూడు మెట్లు నిదానంగా, పదిసార్లు చేయించే ఓపిక ఉన్న టీచర్లు అక్కడ తక్కువ. పాస్టరు గారన్నట్టు అక్కడ దొరకనిది ఇదే.

కుట్టు మిషన్లు మాత్రం వద్దు. అందరూ అవే ఇస్తారు. ప్రతి జోన్‌లో కుట్టు నేర్చినవాళ్లు ఉన్నారు, కుట్టించుకునే డబ్బున్నవాళ్లు లేరు. మిషన్ సూది విరిగితే, బెల్టు తెగితే కొనే దుకాణం దూరం. బడి యూనిఫారం ఆర్డరు ముందే చేతిలో ఉంటే తప్ప ఆ జోలికి వెళ్లకండి.

పాత బట్టలు కూడా పంపించకండి. ఓడ ఖర్చు, కస్టమ్స్, గిడ్డంగి అద్దె కలిపితే బట్టల విలువకు మించిపోతుంది. అక్కడి సంతల్లో పాత బట్టల గుట్టలు ఎప్పుడూ ఉంటాయి, వాటి మీద బతికే చిన్న వ్యాపారుల్లో శరణార్థులూ ఉన్నారు. ఉచితంగా పోస్తే దెబ్బ వాళ్లకే.

కాగితాల_పులి

చందా డబ్బు గురించి ఒక్క ముక్క. మీ సంఘం ట్రస్టుగా రిజిస్టరై పన్ను మినహాయింపు తీసుకుంటుంటే, ట్రస్టు ఖాతా నుంచి విదేశంలో ఖర్చు పెట్టడానికి ప్రత్యేక అనుమతి కావాలి. లేకుంటే ఆ మొత్తానికి మినహాయింపు పోతుంది. మనుషులు విడివిడిగా తమ ఖాతాల నుంచి రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపే పథకం) కింద పంపుకోవచ్చు, ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి, 10 లక్షల రూపాయలు దాటితే టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పడుతుంది. మీ సంఘం చందా అంత ఉండదనుకోండి. డబ్బు మీ జేబులోకి కాక, రసీదు ఇచ్చే సంస్థ ఖాతాకు వెళ్లాలి.

చేతిలో డాలర్లు తీసుకెళ్తే కొత్త సిరీస్ 100 నోట్లు తీసుకోండి. పాతవి, నలిగినవి, గీత ఉన్నవి అక్కడ తీసుకోరు. 5, 10 నోట్లకు మారకం రేటు తక్కువిస్తారు.

తెనాలి_మాష్టారు

చాలా సంతోషమండీ. ఓపీఎం లేఖ గురించి ఇవాళే మెయిల్ పెట్టాను. బస్సు గారూ, బాలాపూర్ మాట మా ఆవిడ రాసిపెట్టుకుంది, వెళ్లినా వెళ్లకపోయినా అది వదలం.

ఇంకో రెండు అడుగుతాను. మా ఆవిడ క్లినిక్‌లో కూర్చోవచ్చా? తిండికి, కరెంటుకు ఎలా? బయల్దేరడానికి ఏ నెల మంచిది?

వెస్ట్‌నైల్_దారి

మీరడిగినవి మూడు, లెక్కల మాష్టారూ.

క్లినిక్‌లో నర్సుగా కూర్చోకూడదండి. ఉగాండా నర్సులు, మంత్రసానుల కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా సూది వేసినా నేరమే. చర్చి క్లినిక్ కదా అని ఎవరైనా గౌను తొడిగిస్తే ఒప్పుకోవద్దని చెప్పండి. అమ్మగారు చేయగలిగినది, నా ఉద్దేశంలో ఎక్కువ విలువైనది, పరిశుభ్రత నేర్పేవాళ్లకు, గ్రామ ఆరోగ్య బృందాల వాలంటీర్లకు తోడుండటం. వాళ్లను అక్కడ "వీ హెచ్ టీ" అంటారు, మన ఆశా వర్కర్ల పని లాంటి పని.

ఆవిడ గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు కొన్ని. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు. కుళాయికి 250 మందికి మించకూడదు, ఇంటి నుంచి అర కిలోమీటరు లోపు ఉండాలి, వరుసలో అరగంట దాటకూడదు. మనిషికి నెలకు ఒంటి సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు. ఇవి విపత్తు సాయానికి సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు, ప్రతి సంస్థకూ తెలిసినవే. కుళాయి దగ్గర క్లోరిన్ సరిగ్గా, లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య ఉన్నా, ఇంట్లో తాగే నీళ్లు చెడిపోయే ఉంటాయి. కారణం 20 లీటర్ల పసుపు జెర్రీక్యాన్. మూతి ఇరుకు, చేయి దూరదు, లోపల గోడకు పచ్చటి పాచి పడుతుంది. క్లోరిన్ అంతా ఆ పాచికే ఖర్చయిపోతుంది. గుప్పెడు ఇసుక, చిన్న గులకరాళ్లు, కాసిని సబ్బునీళ్లు పోసి మూత బిగించి గట్టిగా కుదిపి, రెండుసార్లు తొలిపితే పాచి వదులుతుంది. వారానికోసారి కుళాయి దగ్గరే, అందరూ ఉన్నప్పుడు చేయించాలి. మూత పోయిన క్యాన్లకు మొక్కజొన్న కంకి బెండు దోపుతుంటారు, అదీ ఆపాలి. కొత్త మూతలు కొనివ్వడానికి అయ్యేది స్వల్పం. మీ సంఘం చందాకు ఇది మంచి దారి.

భాష మాటకొస్తే, బిడిబిడిలో ఎక్కువగా ఈక్వటోరియా ప్రాంతంవాళ్లు. బారి, కాక్వా మాట్లాడేవాళ్లుంటారు, అందరికీ కలిసొచ్చేది జుబా అరబిక్. బడికెళ్లిన పిల్లలకు ఇంగ్లిష్ వస్తుంది, తల్లులకు రాదు. అనువాదానికి పిల్లల్ని పెట్టకండి, ముఖ్యంగా ఆడవాళ్ల ఆరోగ్యం మాటలకు. రోజు కూలి ఇచ్చి పెద్దామెను పెట్టుకోండి.

తిండికి ఇబ్బంది తక్కువ. మొక్కజొన్న పిండి సంకటిని పోషో అంటారు, బీన్స్ కూర, ఎండు చేప, వేరుశనగ, నువ్వుల ముద్ద. వెస్ట్ నైల్‌లోని అరువా పట్టణం వైపు కర్రపెండలం పిండిలో చిరుధాన్యం కలిపి ఎన్యాసా వండుతారు, రాగిసంకటి తిన్న నోటికి ఇబ్బంది ఉండదు. ఉత్తర ఉగాండాలో మలక్వాంగ్ అనే పుల్లని ఆకుకూర ఉంది, గోంగూర జాతిదే, పల్లీల ముద్దతో వండుతారు. తాలింపు సామాను, కారం, ఇంగువ తీసుకెళ్తే సగం బెంగ తీరుతుంది. కందిపప్పు కంపాలాలో కొనుక్కుని ఎక్కండి, అక్కడి నుంచి అరువా 500 కిలోమీటర్ల దగ్గర, రోజంతా ప్రయాణం. అమ్మగారికి షుగర్ కాబట్టి పోషో ముద్ద చిన్నది చేసి బీన్స్ పెంచుకోవాలి. రోజంతా నడక ఉంటుంది, మాత్ర వేసుకుని భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. గ్లూకోమీటరు, రెండు వందల స్ట్రిప్పులు, జేబులో బెల్లం ముక్క.

కరెంటు మీద నమ్మకం పెట్టుకోకండి. ఫోను, లైటు నడిచేంత చిన్న సోలార్ కిట్ అక్కడే కొనుక్కోండి, చెడితే బాగుచేసేవాళ్లు ఉంటారు. ప్లగ్గు మూడు చదరపు పిన్నులది, మనది పట్టదు, అడాప్టర్లు రెండు పెట్టుకోండి. సిమ్ పాస్‌పోర్ట్ చూపిస్తే ఇస్తారు, డబ్బు లావాదేవీలన్నీ మొబైల్ మనీ మీదే. ఏజెంటు దగ్గర పిన్ మీరే కొట్టండి, ఫోను అతని చేతికివ్వకండి.

నెల విషయం: వానలు దాదాపు ఏప్రిల్‌లో అందుకుని నవంబరుదాకా ఉంటాయి. ఆ మధ్య మట్టిరోడ్లు తెగుతాయి, మలేరియా ఎక్కువ, ఆడవాళ్లంతా పొలంలో ఉంటారు, మీ సమావేశానికి ఎవరూ రారు. జనవరి చివర దిగితే ఎండ ఎక్కువే, కానీ దారులు బాగుంటాయి, మనుషులు దొరుకుతారు, బడులు అప్పుడే తెరుస్తారు. పొదుపు సంఘాలు ఫిబ్రవరిలో కొత్త చక్రం మొదలుపెడితే, మీరు తిరుగుప్రయాణం కట్టేముందు పంపకం లెక్క ఒక్కసారైనా వాళ్ల చేత చేయించే వీలుంటుంది. పర్మిట్ కాగితాలకు నెలలు పడుతుంది. వచ్చే జనవరికి వెళ్లాలంటే పోలీస్ క్లియరెన్స్ దరఖాస్తు ఆగస్టు, సెప్టెంబరులో పెట్టండి. టీకా మాత్రం అక్టోబరులో వేయించుకోండి, ఏదైనా తేడా చేస్తే చూసుకోవడానికి టైముంటుంది.